ఇటుక గోడకు వెలుపలి సాకెట్టు

మన గ్రామములలో నేడు విద్యుద్దీపము లేని యిల్లు అరుదు. ఇంటిలోని దీపములకును పంకాలకును తీగలు సక్రమముగనే అమరియున్నవి. కాని రైతు పనిలో సగము ఇంటి వెలుపల జరుగును. కొట్టములో చొప్ప నరకు యంత్రము, తొట్టిలోనికి నీరెక్కించు చిన్న మోటారు, కళ్లమున తూర్పారబట్టు పంకా, రాత్రివేళ ఈనుచున్న గేదెను కనిపెట్టుకొని యుండుటకు దీపము, వీని కన్నిటికిని వెలుపల కరెంటు కావలయును. వెలుపల సాకెట్టు లేనందున మనవారు చేయు పని యందరకు తెలిసినదే. కిటికీనుండి తీగ నొకదానిని బయటికి లాగుదురు. లోపలి కొనకు ప్లగ్గు ఉండదు. పైతొడుగు ఒలిచిన రెండు రాగి కొనలను సాకెట్టు రంధ్రములలో దూర్చి అగ్గిపుల్లలతో బిగింతురు. మూడవ రంధ్రము, అనగా ఎర్తు, ఖాళీగనే యుండును.

ఇతరులను నిందించుటకు ఈ మాట వ్రాయుటలేదు. మేమును అట్లే చేసితిమి. నాలుగేండ్లు ఏ యాపదయు కలుగలేదు గనుక అది సరియైన పద్ధతియేయని తలచితిమి. అయిదవయేట శ్రావణమున, ముసురు పట్టిన ఒక సాయంకాలము, చొప్ప నరకు యంత్రములోనికి తీగ ప్రవేశించు చోట రేకు అంచున రాచుకొని దాని తొడుగు తెగినది. లోని రాగి యంత్రపు ఇనుమునకు తగిలినది. పశువుల పని చూచు కుర్రవాడు రబ్బరు చెప్పులు తొడిగి చెక్కబల్లపై నిలిచియుండెను. చేయి జిల్లుమన్నదని చెప్పుటకు మా యొద్దకు వచ్చెను. అతడు వచ్చి ఆ మాట చెప్పునంతలో, పాలిచ్చు గేదె యొకటి నరికిన చొప్పకై మెడ చాచి తడి ముట్టెతో యంత్రమును తాకి కూలిపోయినది. మేము పరుగెత్తి చూచునప్పటికి యంత్రము తిరుగుచునేయున్నది. ఫ్యూజు కాలలేదు.

గేదె పోయినదను విచారము కొంతకాలమునకు తీరినది. ఆ కుర్రవాని కాళ్లకు చెప్పులు లేకపోయినచో ఏమి జరిగియుండునను తలంపు మాత్రము నేటికిని తీరలేదు. ఆ పిమ్మట ఇటుక గోడకు వెలుపలి సాకెట్టును పెట్టించుకొంటిమి. ఆ పనిలో నేర్చుకొన్నదియు, తప్పు చేసి దిద్దుకొన్నదియు సభ్యులకు ఉపయోగపడునని యీ వ్యాసమున తెలుపుచున్నాము.

ఫ్యూజు ఏల కాలలేదు?

ఫ్యూజు గాని, దాని బదులు నేడు వాడుచున్న ఎం.సి.బి. గాని తీగను కాపాడుటకు ఏర్పడినది, మనిషిని కాపాడుటకు కాదు. తీగ వేడెక్కి నిప్పంటుకొనునంతటి కరెంటు పారినప్పుడే అది పనిచేయును. 16 ఆంపియర్ల ఎం.సి.బి. 16 ఆంపియర్ల వరకు కదలక యుండును. మన యిండ్లకు వచ్చు కరెంటు ఒత్తిడి 230 వోల్టులు. తడిసిన దేహము సుమారు 1000 ఓముల అడ్డు చూపునని లెక్కకు తీసికొందము. అప్పుడు దేహముగుండ భూమిలోనికి పోవు కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు, అనగా ఆంపియరులో నాలుగవవంతు కంటెను తక్కువ. ఎం.సి.బి. ఓర్చుకొను దానిలో అది సుమారు డెబ్బదియవ వంతు. దానికి ఆ కరెంటు లెక్కలోనిది కాదు.

మనిషికో, 10 మిల్లీ ఆంపియర్లు దాటినచో చేతి కండరములు బిగిసి, పట్టుకొన్న వస్తువును విడువలేని స్థితి రావచ్చును. 100 మిల్లీ ఆంపియర్లు కొలది సెకనులు పారినచో గుండె తాళము తప్పి ప్రాణము పోవచ్చును. పశువుల మాట మరియు కష్టము. వానికి పాదరక్షలు లేవు. నాలుగు కాళ్లును తడి నేలపైననే యుండును. ముట్టెనుండి కాళ్లకు పోవు కరెంటు గుండె యున్న దారినే పోవును. మనిషికి జిల్లుమనిపించి విడిచిపెట్టిన తీగయే పశువును చంపుట కిదియే కారణము. కావున ఫ్యూజు ఉన్నదికదాయని ధైర్యము చెప్పుకొనుట పొరపాటు.

సాకెట్టునకు ముందు రెండు పనులు

వెలుపలి సాకెట్టు అనగానే మనవారు బజారునకు పోయి పెట్టెను కొనుదురు. పెట్టె కడపటి పని. దానికి ముందుగా కావలసినవి రెండు. ఒకటి మంచి ఎర్తు. రెండవది, ఇ.ఎల్.సి.బి. యనియు ఆర్.సి.సి.బి. యనియు చెప్పబడు లీకేజి స్విచ్చి.

లీకేజి స్విచ్చి చేయు పని సహకార సంఘపు గుమాస్తా పనివంటిది. ఫేజు తీగలో పోయిన కరెంటు ఎంత, న్యూట్రలు తీగలో తిరిగివచ్చినది ఎంత యని యెడతెగక సరిచూచుచుండును. రెండును సమానమైనచో ఊరకుండును. తరుగు కనబడినచో, ఆ తరుగు యెచటనో భూమిలోనికి కారుచున్నదని గ్రహించి కరెంటును త్రెంచివేయును. మనుష్య రక్షణకు వాడవలసినది 30 మిల్లీ ఆంపియర్లది. ఆ మేరకు తరుగు కలిగినచో సెకనులో పదింట మూడు వంతుల లోపల అది పడిపోవలయును. బజారున 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడ దొరకును. అవి అగ్నిభయము తగ్గించునే గాని మనిషిని కాపాడుటకు చాలవు. కొనునప్పుడు స్విచ్చిపై అచ్చువేసిన అంకెను స్వయముగ చదివి కొనవలెను.

లీకేజి స్విచ్చి ఉన్నచో ఎర్తు ఎందులకని కొందరడుగుదురు. ఎర్తు ఉన్న యంత్రమున తీగ తెగి ఇనుమునకు తగిలిన క్షణముననే కరెంటు ఎర్తు తీగగుండ భూమిలోనికి పోవును. స్విచ్చి అప్పుడే పడిపోవును. ఎవరును ఆ యంత్రమును తాకనక్కరలేదు. ఎర్తు లేనిచో కరెంటునకు దారి యుండదు. యంత్రము ఒత్తిడితో నిండి, ఎవరైన తాకువరకు కాచుకొని యుండును. అప్పుడు తాకినవాని దేహమే ఎర్తు తీగ యగును. స్విచ్చి అప్పటికైనను పడును గాని, ఆ పరీక్ష మన కుర్రవాని మీద జరుగనేల?

ఎర్తు మాట

పూర్వము ఇనుప కుళాయి గొట్టమునకు తీగ చుట్టి ఎర్తు అనుకొనెడివారు. నేడు గొట్టములు ప్లాస్టిక్‌వి. వానికి చుట్టిన తీగ వలన ప్రయోజనము లేదు. ఎర్తునకు గుంట త్రవ్వవలసినదే. 38 మిల్లీమీటర్ల లోవ్యాసమునకు తగ్గని జస్తు పూత గల ఇనుప గొట్టము, 2.5 మీటర్ల పొడవు గలది, నిలువుగ పాతి చుట్టును బొగ్గును ఉప్పును పొరలుపొరలుగ వేయుట వాడుకలో నున్న పద్ధతి. గుంట ఇంటి గోడకు మీటరున్నర దూరమునకు తగ్గరాదు. స్నానపు నీరు పోవు చోటు, చెట్టు మొదలు, ఎల్లప్పుడు కొంత చెమ్మ నిలుచు చోటు మేలు. గొట్టము తలపై గరాటు అమర్చి చిన్న ఇటుక తొట్టి కట్టి మూత వేసినచో ఎండకాలమున నీరు పోయుటకు వీలగును. రాళ్లనేల గల మెట్ట గ్రామములలో వేసవిని గుంట ఎండి ఎర్తు బలహీనపడును. అచటివారు నీరు పోయుటను మరువరాదు.

ఇచట ఒక దురలవాటును గూర్చి చెప్పవలసియున్నది. న్యూట్రలు సరిగ రాని రోజులలో కొందరు ఫేజును మాత్రము తీసికొని, న్యూట్రలునకు బదులు ఎర్తు గుంటనే వాడుదురు. అట్లు చేసినచో పనికి కావలసిన కరెంటంతయు గుంటలోనికి పోవును. ఎర్తు బలహీనముగ నున్నచోట గుంట చుట్టునున్న తడినేలయే ప్రాణము తీయజాలును. సాకెట్టు లోపల ఎర్తును న్యూట్రలును కలిపి ముడివేయుటయు అంతే ప్రమాదము. ఈ రెండు పనులును ఎవరు సలహా యిచ్చినను చేయకుడు.

ఎవరిచేత చేయింపవలెను?

బల్బులు, పంకాలు, ఫ్యూజులు, స్విచ్చులు వంటివానిని ఉన్నవానికి బదులు అట్టివే మార్చుకొనుట తప్ప, కొత్తగా తీగ లాగి సాకెట్టు పెట్టు పనిని లైసెన్సు గల కాంట్రాక్టరుచేత, యోగ్యతాపత్రము గలవాని పర్యవేక్షణలో జరిపింపవలెనని 1956 నాటి విద్యుత్ నిబంధనలు విధించినవి. వాని పిమ్మట వచ్చిన 2010, 2023 నిబంధనలలోను ఆ కట్టుబాటు నిలిచియున్నది. కావున మేము వ్రాయునది రైతు తానే తీగలు ముడివేసికొనుటకు కాదు. పని చేయువానిని ఏమి అడుగవలెనో, చేసిన పనిలో ఏమి చూచుకొనవలెనో తెలియుటకు మాత్రమే. ఇల్లు కట్టించువాడు తాపీ పట్టనక్కరలేదు గాని గోడ నిలువుగ నున్నదో లేదో చూచుకొనవలెను గదా.

పని మొదలుపెట్టుటకు ముందు మెయిను ఆపవలెను. ఇన్వర్టరు ఉన్న ఇండ్లలో అంతతో చాలదు. మెయిను ఆపినను ఇన్వర్టరు బ్యాటరీనుండి 230 వోల్టులు కొన్ని తీగలలో పారుచునే యుండును. దానిని కూడ ఆపి, పరీక్షించి, తరువాతనే తీగను ముట్టవలెను. ఆపిన మెయిను కడ ఒక మనిషిని కాపుంచుట మంచిది. పని జరుగుచుండగా తెలియక స్విచ్చి వేసినందున పోయిన ప్రాణములు కలవు.

చోటు ఎన్నుకొనుట

ఇంటిలోపల స్విచ్చిబోర్డు ఉన్న గోడకు సరిగ వెనుకవైపు అన్నిటికంటె అనుకూలము. తీగ గోడను దాటిన చాలును, పొడవుగ లాగనక్కరలేదు. చూరు క్రిందగాని వసారాలోగాని జల్లు తక్కువగ కొట్టు వైపు చూడవలెను. నేలనుండి అయిదడుగుల యెత్తున ఉన్నచో పిల్లలకు అందదు, నేల కడిగిన నీరు చిందదు. పశువు కట్టుగొయ్యనుండి మెడ చాచినను, కొమ్ము విసరినను అందని దూరమున ఉండవలెను. కుడితితొట్టికి ఎగువన పెట్టరాదు. పేడ, మూత్రము నిలుచు చోటికి దగ్గరగ పెట్టినచో వానినుండి వచ్చు ఘాటైన ఆవిరికి లోని ఇత్తడి ముక్కలు చిలుము పట్టి చెడిపోవును.

ఇటుక గోడ గుణము

కాల్చిన ఇటుక రాయివలె కనబడినను నీరు త్రాగును. మంచి యిటుకయే ఒక దినము నీటిలో నానినచో తన బరువులో ఆరవవంతు వరకు నీరు పీల్చవచ్చును. నాటు బట్టీలలో సరిగ కాలని యిటుక అంతకంటె ఎక్కువ పీల్చును. కావున వానలో తడిసిన గోడను ఆరిన గోడవలె నమ్మరాదు. ఇంటి లోపల వాడు మామూలు పెట్టెను వెలుపలి గోడలో పొదిగినచో వెనుకనుండి చెమ్మ దానిలోనికి దిగును. వెలుపలికి గోడపై బిగించు మూత పెట్టెయే తగినది.

మేకులు దిగు రంధ్రములు ఇటుక నడుమ పడవలెను. ఇటుక అంచున వేసినచో పెళ్లు ఊడును. పాత యిండ్లలో మట్టి అడుసుతోగాని సున్నముతోగాని కట్టిన గోడ సందులలో మర పట్టదు, కొలది దినములలో పెట్టె వ్రేలాడును. పూత పూసిన గోడలో సందు ఎచటనో కంటికి కనబడదు. బరమా వేయునప్పుడు వచ్చు పొడిని చూచినచో తెలియును. ఎఱ్ఱని పొడి వచ్చినచో ఇటుక, బూడిదరంగు ఇసుకపొడి వచ్చినచో సందు. మెత్తని నాటు ఇటుకలో బరమా యంత్రపు సుత్తిపోటు ఆపి, తిరుగుడుతో మాత్రమే వేసినచో ఇటుక చిట్లదు. రంధ్రములోని పొడిని ఊది తీసివేసి ప్లాస్టిక్ బిరడా దించవలెను. పూర్వపు చెక్క బిరడాలు చెమ్మకు ఉబ్బి, చెదలు పట్టి వదులగును. మరలు తుప్పుపట్టనివిగ చూచుకొనవలెను.

తీగ గోడను దాటు రంధ్రము మాట వేరు. అది లోపలినుండి వెలుపలికి కొంచెము దిగువకు వాలియుండవలెను. వెలుపలి కొన ఎత్తుగను లోపలి కొన పల్లముగను ఉన్నచో వాననీరు తూము దొరికినట్లు లోనికి ప్రవహించును. ఈ యొక్క వాలు మాటను తేలికగ తీసికొని మేము పడిన తిప్పలు ముందు చెప్పెదము. రంధ్రము వేయుటకు ముందు గోడలో తీగలుగాని నీటి గొట్టములుగాని ఉన్నవేమో చూడవలెను. స్విచ్చిబోర్డునకు నిట్టనిలువుగ పైనను క్రిందను, అడ్డముగ ఇరుప్రక్కలను తీగలు ఉండుట సామాన్యము.

పెట్టెయు తీగయు

వెలుపలికి తగిన పెట్టెపై ఐ.పి. అను అక్షరములును రెండు అంకెలును ఉండును. మొదటి అంకె దుమ్మునకు, రెండవది నీటికి ఎంత తట్టుకొనునో తెలుపును. 55 అని యున్నచో హాని చేయునంత దుమ్ము లోనికి పోదు, ఏ వైపునుండి నీరు చిమ్మినను తట్టుకొనును. కొట్టములకు అంతకు తగ్గనిది కొనుట మేలు. అయితే ఒక సంగతి చూడవలెను. కొన్ని పెట్టెలకు ప్లగ్గు తీసినప్పుడే మూత పడును, ప్లగ్గు పెట్టినప్పుడు మూత తెరచుకొని యుండును. ప్లగ్గు ఉండగనే మూత పూర్తిగ మూయబడు లోతైన పెట్టెను అడిగి తీసికొనవలెను. మామూలు సాకెట్టునకు పాలిథీన్ సంచి కట్టుట పనికిరాదు. లోపలి చెమ్మ బయటికి పోలేక అందులోనే నిలుచును.

చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. రెండు గుఱ్ఱపు బలముల చొప్ప యంత్రము నడచునప్పుడు సుమారు 10, 12 ఆంపియర్లు తీసికొనును, మొదలుపెట్టు క్షణమున అంతకు పలురెట్లు లాగును. కావున 16 ఆంపియర్ల సాకెట్టే కావలెను. దానికి ప్రత్యేకముగ ఒక ఎం.సి.బి., దానికి ముందు లీకేజి స్విచ్చి, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉండవలెను. దీపముల తీగనుండి ముడివేసి తేరాదు. అన్నిటిపై ఐ.ఎస్.ఐ. ముద్ర చూచుకొనవలెను.

ఇంటి తీగలలో ఫేజు ఎఱుపు, పసుపు, నీలములలో ఒకటి. న్యూట్రలు నలుపు. ఎర్తు ఆకుపచ్చ. సాకెట్టును ఎదుట నిలిచి చూచినచో పైనున్న పెద్ద రంధ్రము ఎర్తునకు, కుడివైపుది ఫేజునకు, ఎడమవైపుది న్యూట్రలునకు. స్విచ్చి ఫేజులోనే ఉండవలెను. మూత బిగించుటకు ముందు యజమాని వంగి ఈ మూడును చూచుకొనుట అవమానము కాదు.

ప్లగ్గులో ఎర్తు పిన్ను తక్కినవానికంటె పొడవు. ప్లగ్గు పెట్టునప్పుడు ఎర్తు ముందు తగులుటకును, తీయునప్పుడు చివర విడుటకును అట్లు చేసిరి. దానిని విరిచివేసి రెండు పిన్నులతో వాడువారు ఆ యేర్పాటునంతయు వ్యర్థము చేయుచున్నారు. యంత్రమునకు మూడు తీగల త్రాడే వాడవలెను. ప్లగ్గు లోపల ఎర్తు తీగను కొంచెము పొడవుగ ఉంచవలెను. త్రాడు ఎవరైన గుంజినప్పుడు ఫేజు ముందు ఊడి, ఎర్తు చివరకు నిలుచును. యంత్రపు ఇనుమున ఎర్తు మర బిగించు చోట రంగు గీకివేయవలెను. రంగుపై బిగించిన మర ఎర్తు కాదు.

మొదటి వానలో జరిగినది

ఇన్ని జాగ్రత్తలు విని, గుంట త్రవ్వించి, లీకేజి స్విచ్చి పెట్టించి కూడ మేమొక తప్పు చేసితిమి. వైర్‌మ్యాన్ వచ్చు దినమునకు పని తెమలునని గోడలో రంధ్రము మేమే వేసి యుంచితిమి. వెలుపల నిచ్చెన వేసికొని, పైనుండి లోపలికి వాలునట్లు బరమా దించితిమి. అతడు వచ్చి చూచి, రంధ్రము తలక్రిందుగ నున్నది, పూడ్చి వేరొకటి వేయుదమనెను. గోడ మరల చెడునని మేము ఒప్పుకొనలేదు. తీగను పైనుండి తెచ్చి పెట్టె తలలోనుండి దింపి, చుట్టును సిమెంటు మెత్తితిమి. ఆనాడు అంతయు చక్కగ పనిచేసినది.

తొలకరి మొదటి పెద్దవానకు లీకేజి స్విచ్చి పడిపోయినది. లేపినచో నిలువలేదు. ఇల్లంతయు చీకటి. చూడవచ్చిన ఇరుగుపొరుగువారు తలకొక మాట చెప్పిరి. ఎక్కువమంది చెప్పినది, ఆ స్విచ్చిని దాటించి తీగలు నేరుగ కలిపినచో తొందర తీరునని. పాలు పితుకువేళ దాటుచున్నది, పశువులకు మేత కోయవలెను. మేము ఆ మాటకు లొంగబోతిమి. అప్పుడు ఆ కుర్రవాడే, కిందటి శ్రావణమున మా యొద్దకు పరుగెత్తి వచ్చినవాడు, గుమ్మము కడ నిలిచి, "ఆ స్విచ్చి తీసేస్తే నేను మిషను ముట్టనండి" అనెను. మరి మాట లేదు. ఆ రాత్రి కొడవలితో మేత కోసికొంటిమి. వెలుపలి సాకెట్టు ఎం.సి.బి. దించినను లీకేజి స్విచ్చి నిలువనందున దీపము వెలిగించుకొనియే పాలు పితికితిమి.

మరునాడు వైర్‌మ్యాన్ వచ్చి మెయిను ఆపి పెట్టె విప్పెను. తీగను పట్టుకొని జారివచ్చిన నీరు బిగింపు ముక్కలపై ముత్యములవలె నిలిచియున్నది. ఆ నీరు న్యూట్రలునకును ఎర్తునకును నడుమ దారి వేసినది. ఎం.సి.బి. ఫేజును మాత్రమే త్రెంచునది గనుక అది దించినను లోపము తీరలేదు. పాత రంధ్రమును పూడ్చి, వెలుపలికి వాలునట్లు కొత్తది వేసి, తీగను పెట్టెకంటె దిగువకు జారవిడిచి, అచటినుండి వంచి, అడుగు భాగమునుండి పెట్టెలోనికి ఎక్కించెను. ఆ వంపున నీరు బొట్లుబొట్లుగ నేలకు రాలును, పైకెక్కి పెట్టెలోనికి పోలేదు. పెట్టెకును గోడకును నడుమ పైనను ప్రక్కలను మైనపు ముద్దవంటి సీలు పూసి, అడుగున విడిచెను. పొరపాటున చేరిన నీరు పోవుటకు దారి ఉండవలెను గదా. కడపట 60 వాట్ల పాత బల్బును ఫేజునకును ఎర్తునకును తగిలించి చూపెను. తగిలించిన క్షణమున లీకేజి స్విచ్చి పడినది. ఎర్తు బ్రతికియున్నదనియు, స్విచ్చి మేలుకొని యున్నదనియు దానితో తెలిసినది. ఈ పరీక్ష అతడు చేయదగినది, మనము కాదు.

స్విచ్చి పడిపోయినది గనుక స్విచ్చి చెడినదని తలచుట మనలో అందరకును ఉన్న అలవాటు. కుక్క మొరిగినదని కుక్కను కొట్టి, దొంగను విడిచినట్లుండును. స్విచ్చి పడినప్పుడు వెదుకవలసినది లోపమును.

నెలనెల చూడవలసినవి

లీకేజి స్విచ్చిపై టి అను అక్షరము గల చిన్న మీట ఉండును. నెలకొకసారి దానిని నొక్కినచో స్విచ్చి పడవలెను. పడనిచో ఆ దినమే మార్పింపవలెను. ఆ మీట స్విచ్చిని మాత్రమే పరీక్షించును, ఎర్తును పరీక్షింపదు. ఎర్తును ఏటికొకసారి, ఎండకాలమున, కొలత యంత్రముతో కొలిపింపవలెను. సామాన్యముగ 5 ఓములకు తగ్గియుండుట మంచిదని చెప్పుదురు. త్రాడులు తెగినవేమో, పెట్టె రబ్బరు అంచు ఎండి పగిలినదేమో, లోపల చీమలు, బల్లులు చేరినవేమో తొలకరికి ముందు ఒకసారి చూడవలెను. లీకేజి స్విచ్చి ఉన్నను తీగతో ఆటలాడరాదు. ఫేజును న్యూట్రలును రెండు చేతులతో పట్టుకొన్నవానిని అది గుర్తింపజాలదు. ఆ కరెంటు భూమిలోనికి కారదు గనుక దాని లెక్కలో తరుగు కనబడదు.

సంఘము చేయదగినది

మాకు గుంటకు, స్విచ్చికి, పెట్టెకు, తీగకు, కూలికి అయిన వ్యయమంతయు పోయిన గేదె వెలలో పదవవంతు కాలేదు. అయినను ఒక్కొక్క రైతు ఒంటరిగ పూనుకొన్నచో ఎర్తు గుంటకు ఒకనాడు, వైర్‌మ్యాన్‌కు ఒకనాడు తిరుగుటలోనే ఉత్సాహము చల్లారును. పదిమంది సభ్యులు పేర్లిచ్చినచో సంఘము గొట్టములను, స్విచ్చులను, పెట్టెలను ఒక్కసారిగ ముద్ర చూచి కొనవచ్చును. లైసెన్సు గల కాంట్రాక్టరుతో వారమునకు ఒప్పందము చేసికొనవచ్చును. ఎర్తు కొలుచు యంత్రము ఒంటివానికి భారము, సంఘమునకు కాదు. విత్తనపు గొర్రును, మందు చల్లు యంత్రమును అద్దెకిచ్చు సంఘమునకు ఇదియు అట్టి పనియే.

విద్యుత్తును రైతులు సహకార పద్ధతిని నడుపుకొనుట మనవారికి కొత్త కాదు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన పిమ్మట దేశమున మొదట వెలసిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో సిరిసిల్ల సంఘము ఒకటి. ఊళ్లకు ఊళ్లు వెలిగించుకొనుటకు సహకారము పనికివచ్చినది. కొట్టము గోడకు ఒక సాకెట్టును నిర్భయముగ అమర్చుకొనుటకు పనికిరాకుండునా?

తొలకరి రాకముందే సభ్యులు తమ కొట్టములను ఒకసారి చూచుకొనవలెనని మా మనవి. కిటికీనుండి వ్రేలాడు తీగ యున్నచో ముందుగ దానిని తీసివేయుడు. అగ్గిపుల్లలు పొయ్యికి ఉంచుడు. ఎర్తు గుంటకు చోటు గుర్తు పెట్టి సంఘపు కార్యాలయమున పేరు వ్రాయింపుడు. మా కొట్టమున ఆ సాకెట్టు ఇప్పుడు మూడవ వానకాలము చూచుచున్నది. ఆ కుర్రవాడు నెల మొదటి దినమున, ఎవరును చెప్పకుండగనే, ఆ చిన్న మీటను నొక్కి, స్విచ్చి పడుట చూచి, మరల లేపి, అప్పుడు యంత్రము కడకు పోవును.